చెన్నైలో మన అమరావతి, మమ్మల్ని ముంచిన లాడ్జి

విజయవాడ నుంచి శని, ఆదివారాలకు చెన్నై వెళ్ళేవాళ్ళు మెరీనా బీచ్, టీ నగర్ చూసుకుని వచ్చేస్తుంటారు. ఈసారి ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంకి కనీసం ఒక పూట ఇవ్వండి. అమరావతి స్తూపం శిల్పాలు అక్కడున్నాయి. 1845లో వాల్టర్ ఎలియట్ అనే అధికారి తవ్వించి మద్రాసుకు తరలించిన రాళ్ళలో చాలా భాగం తర్వాత లండన్ బ్రిటిష్ మ్యూజియంకి వెళ్ళిపోయింది. అవి చూడాలంటే వీసా కావాలి, వీటికి రైలు టికెట్ చాలు.

బుద్ధుడి మీదికి వదిలిన నాళగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకం దగ్గర మేం ముగ్గురం కదల్లేకపోయాం. ఒకవైపు మదమెక్కిన ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుకుంటూ వస్తుంటుంది, మేడ మీది వాళ్ళు తొంగి చూస్తుంటారు. అదే ఫలకంలో ఇంకోవైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి ఉంటుంది. ఇంటర్ చదివే మా అబ్బాయి ఆ ఏనుగు రెండుసార్లు ఎందుకుందో, ముందు జరిగిందీ తర్వాత జరిగిందీ ఒకే ఫలకంలో చెక్కారని, తనే కనిపెట్టి వాళ్ళమ్మకు వివరించాడు. పల్నాటి సున్నపురాయిలో అంత కదలిక చూసి నాకు కళ్ళు చెమర్చాయి. కంచు విగ్రహాల విభాగంలో తిరువాలంగాడు ఊళ్ళో దొరికిన నటరాజు విగ్రహం కూడా తప్పక చూడండి. శుక్రవారం మ్యూజియం సెలవు.

ఇంత సంతోషాన్నీ మేం దిగిన లాడ్జి పాడుచేసింది. ఎగ్మూరు స్టేషన్‌కి దగ్గరని ముగ్గురికి ఏసీ గది 1,950 రూపాయలకు ఆన్‌లైన్‌లో ముందే కట్టేశాను. తీరా వెళ్ళాక కౌంటర్‌లో మనిషి మూడో మనిషికి ఇంకో 600 కట్టమన్నాడు. బుకింగ్‌లో ముగ్గురని స్పష్టంగా ఉందని ఫోన్ చూపిస్తే, "అది ఆన్‌లైన్ వాళ్ళనే అడగండి" అన్నాడు. 600 తీసుకుని ఇచ్చింది మరకల దుప్పటి, పల్చటి పరుపు. ఏసీ రాత్రి ఒంటిగంటకి ఆగిపోతే ఉదయం దాకా ఎవరూ రాలేదు. పొద్దున సామాను సాయంత్రం వరకు ఉంచుకోమంటే దానికి 200, రసీదు లేదు. డబ్బు కంటే ఆ మాట తీరుకే ఎక్కువ బాధేసింది. మా ఆవిడ పొద్దున్నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు. గది బుక్ చేసేముందు లాడ్జికి ఫోన్ చేసి, ఎంతమందికి మొత్తం ఎంతో మెసేజ్‌లో రాయించుకోండి. రాసివ్వమంటే తప్పించుకునేచోట అసలు దిగొద్దు.

ఆదివారం 2,300కి కారు మాట్లాడుకుని సముద్రం వెంబడి సాగే ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద వెళ్ళాం. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ మొదలుపెట్టిన చోళమండలం కళాకారుల గ్రామం దారిలోనే ఉంది. చిత్రకారులు, శిల్పులు స్థలం కొనుక్కుని ఇళ్ళు కట్టుకుని పనిచేసుకున్న చోటది. తోటలోని శిల్పాల మధ్య తీరిగ్గా తిరగాలి, మాకు గంట చాల్లేదు.

అదే రోడ్డు మీద ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర అనే మ్యూజియంలో దక్షిణాది పాత ఇళ్ళు కట్టి చూపిస్తారు. మన ఉత్తరాంధ్ర చుట్టిల్లు కూడా ఉంది. మా ఆవిడ వాళ్ళ అమ్మమ్మది విజయనగరం పక్క పల్లె. లోపలికి వెళ్ళి గోడలు తడిమి చూసి, అప్పటిదాకా మూగనోము పట్టినామె తన చిన్నప్పటి సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. అక్కడ మంగళవారం సెలవు. మిగతా ఏ రోజైనా పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం ఎండకి నడవలేరు.