యమహా ఆర్ఎక్స్ 100 బైక్ డ్రమ్ బ్రేకులు ఇంట్లోనే విప్పి కట్టుకున్నా, నాలుగేళ్ల వాడకం తర్వాత రాస్తున్నా

మా నాన్న 1994లో అనంతపురంలో కొన్న బండి ఇది. నాకు బెంగళూరులో ఉద్యోగం కుదిరాక ఇక్కడికి తెచ్చుకున్నా, మారతహళ్లిలో అద్దింటి కింద పార్కింగ్‌లో ఒక మూల నాకు వర్క్‌షాప్. ముందు వెనక బ్రేకులు రెండూ మొత్తం విప్పి కట్టి నాలుగేళ్లు దాటింది, దగ్గర దగ్గర 22 వేల కిలోమీటర్లు తిరిగా. కట్టిన వారానికే రాసుంటే బ్రహ్మాండం అని రాసేసేవాణ్ణి, దాని వల్ల ఎవరికీ ఉపయోగం ఉండేది కాదు.

టూ స్ట్రోక్ బండి నడిపినవాళ్లకి తెలుసు, యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ పట్టి ఆపదు, బండి అలా జారిపోతానే ఉంటుంది, కాబట్టి భారం అంతా బ్రేకుల మీదే. అవేమో ముందూ వెనకా 130 ఎంఎం డ్రమ్ములు, అంటే చక్రం మధ్యలో గుండ్రటి డబ్బాల్లాంటివి. ఒకరోజు సాయంత్రం సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర ముందు బస్సు ఆగింది, నేను లివర్ గ్రిప్‌కి తగిలేదాకా నొక్కినా బండి ఆగలేదు, పక్కకి కోసి డివైడర్‌కి జానెడు దూరంలో ఆపుకున్నా. కాళ్లు వణికాయి. అంతకు నెల ముందే ఒక షాపులో కొత్త షూస్ (డ్రమ్ లోపల ఒరుసుకుని చక్రాన్ని ఆపే ముక్కలు) వేయించా, అదీ నా బాధ.

ఆ ఆదివారం ముందు చక్రం ఊడదీశా. కామ్ (బ్రేక్ నొక్కితే తిరిగి షూస్‌ని డ్రమ్ మీదకి తోసేది) దగ్గర పాత గ్రీజు ఎండి తారులా గట్టిపడి ఉంది. ఎవరో బ్రేక్ ఆర్మ్‌ని, అంటే కామ్‌ని తిప్పే బయటి కడ్డీని, కామ్ పళ్ల మీద ఒక పన్ను జరిపి ఎక్కించారు, షూస్ అరిగిన రోజుల్లో లివర్ టైట్‌గా అనిపించాలని చేసిన పని అది. దయచేసి మీ బండికి ఇలా చేయనివ్వద్దు, షూస్ అరిగిన సంగతి దాచేస్తుంది, కామ్ మరీ తిరిగిపోతే చక్రం పట్టేసే ప్రమాదం కూడా ఉంది. బ్రేక్ గట్టిగా పట్టినప్పుడు కేబుల్‌కీ ఆర్మ్‌కీ మధ్య 90 డిగ్రీలకి దగ్గరగా ఉండాలి, అప్పుడే మన వేళ్ల బలం సరిగ్గా లోపలికి పోతుంది.

ఇంక షూస్ సంగతి. లైనింగ్ (షూ మీద అతికించిన, అరిగే పొర) మీద సుద్దముక్క రుద్ది, మళ్లీ బిగించి, బ్రేక్ కొంచెం పట్టి చక్రం రెండు చుట్లు తిప్పి విప్పి చూస్తే, నడిమధ్యలో రెండు వేళ్ల వెడల్పు మాత్రమే సుద్ద పోయింది, మిగతాదంతా తెల్లగా అలాగే ఉంది. అంటే షూ మొత్తంలో అంత ముక్క మాత్రమే డ్రమ్‌ని తాకుతోంది! పైగా నొక్కినప్పుడు లివర్ వేళ్ల కింద నాడిలా కొట్టుకునేది. చక్రాన్ని జేసీ రోడ్ వైపు ఒక లేత్ అన్న దగ్గరికి తీసుకెళ్తే, ఆయన హిందూపురం మనిషి, డ్రమ్ లోపల వేలు పెట్టి తిప్పి చూసి "ఇది గుండ్రంగా లేదప్పా, కోడిగుడ్డయింది" అన్నాడు. చాలా పలచగా ఒక పొర తీసి గుండ్రం చేసిచ్చాడు.

ఇంటికొచ్చి డ్రమ్ లోపల ఎమరీ పేపర్ రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించి, షూస్‌ని వాటి ప్లేట్‌కే (డ్రమ్‌ని మూసే మూతకే) బిగించి అటూ ఇటూ తిప్పుతూ అరగదీశా. గంటన్నర పట్టింది, చేతులు పడిపోయాయి, కానీ మొత్తం పనిలో ఫలితం ఇచ్చింది ఇదే. ముక్కుకి మాస్క్ కట్టుకోండి, డ్రమ్‌లో దుమ్ముని నోటితో గానీ గాలి పంపుతో గానీ ఊదొద్దు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవాలి. కామ్‌కి గ్రీజు పూతలా రాస్తే చాలు, ఎక్కువైతే వేడికి కరిగి లైనింగ్ మీదకి వస్తుంది, ఆ షూస్ ఇంక పారేయడమే.

బిగించేటప్పుడు యాక్సిల్ నట్ వదులుగా ఉంచి, బ్రేక్ గట్టిగా పట్టుకుని అలాగే నట్ బిగించండి, షూస్ డ్రమ్ మధ్యలోకి వాటంతటవే సర్దుకుంటాయి. ముందు ప్లేట్ గాడిలో ఫోర్క్ కొక్కెం కూర్చుందో లేదో, వెనక టార్క్ రాడ్‌కి (ప్లేట్ చక్రంతో పాటు తిరగకుండా పట్టే కడ్డీకి) నట్ ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి, ఈ రెండిట్లో ఏది మర్చిపోయినా ప్రాణాల మీదకి వస్తుంది.

వాడకం ఎలా ఉందంటే, మొదటి 300 కిలోమీటర్లు మెత్తగా ఉండి తర్వాత పట్టు వచ్చింది. సిటీలో 50, 60 స్పీడ్‌లో రెండు వేళ్లతో ధైర్యంగా ఆపుతున్నా. మొదట వేసిన చవక షూస్ 5 వేల కిలోమీటర్లకే లైనింగ్ అతుకు ఊడి వచ్చేసింది, మంచివి వేశాక ఇప్పటిదాకా అవే. చక్రం తిరిగే దిశలో ముందు తగిలే షూ రెండోదాని కంటే త్వరగా అరుగుతోంది, ఇలాంటి డ్రమ్‌లో అది సహజమే, కంగారు పడొద్దు. కేబుల్ మాత్రం రెండేళ్లకి లివర్ దగ్గర రెండు పోగులు తెగి కనిపించింది, వెంటనే మార్చా, నెలకోసారి అక్కడ కన్నేసి ఉంచండి.

వానలో నీళ్లు నిలిచిన రోడ్డు దాటాక మొదటి రెండు నొక్కుళ్లు పనిచేయవు, కొంచెం దూరం బ్రేక్ తగిలించి నడిపితే ఆరుతుంది. నంది హిల్స్ దిగేటప్పుడు డ్రమ్ వేడెక్కి పెద్దదవుతుంది, లివర్ లోపలికి వచ్చేస్తుంది, నేను సగం దారిలో ఆపి పది నిమిషాలు కూర్చుని దిగుతా. డిస్క్ లాంటి పట్టు కావాలనుకునేవాళ్లకి ఈ పని తృప్తినివ్వదు, ఓపిక ఉండి పాత బండి మీద ప్రేమ ఉన్నవాళ్లు తప్పకుండా చేసుకోండి.

మొన్న వెనక డ్రమ్ లోపలి వ్యాసం కొలిస్తే 130.8 ఎంఎం వచ్చింది, 131 దాటితే వాడకూడదు, అంటే ఇంకోసారి లేత్ మీద పెట్టే వీలు లేదు. పగుళ్లు లేని హబ్ (డ్రమ్ ఉండే చక్రం నడిమి భాగం) ఒకటి దొరుకుతుందేమోనని ఆదివారాలు శివాజీనగర్ గుజిరీలో, పాత సామాన్ల బజారులో, తిరుగుతున్నా.