గాజు తొట్టిలో సజీవమైన మొక్కలు: 3 ఏళ్ల తరువాత నా అభిప్రాయం

చెన్నై పెరంబూరులోని మా ఇంట్లో 2 అడుగుల తొట్టిలో, సుమారు 50 లీటర్ల నీటిలో, గప్పీ అనే చిన్న రంగుచేపలనూ మొక్కలనూ కలిపి పెంచడం మొదలుపెట్టి 3 ఏళ్లు దాటింది. కొత్తవారు ప్లాస్టిక్ మొక్కలతో సరిపెట్టుకోవాలని అప్పట్లో నాకు చాలామంది చెప్పారు. ఆ మాటతో నేనిప్పుడు ఏకీభవించను. కాకపోతే ఏ మొక్కలు తెచ్చుకుంటామన్నదే ముఖ్యం.

కొళత్తూరులో రంగుచేపల అంగళ్లు తిరుగుతూ, ఎర్రటి ఆకుల మొక్కలు చూసి ముచ్చటపడి 4 కట్టలు కొన్నాను. అవి బలమైన వెలుతురూ, విడిగా అందించే కార్బన్ డయాక్సైడూ కోరే రకాలని అమ్మినవారు చెప్పలేదు, నేనూ అడగలేదు. 10 రోజుల్లో కాడలు మెత్తబడి, రాలిన ఆకులు స్పాంజి ఫిల్టర్‌కు అతుక్కున్నాయి. కుళ్లే ఆకులు నీటిలో అమోనియాను పెంచుతాయని నాకు తెలిసేసరికి రెండు గప్పీలు పోయాయి.

తరువాత తెచ్చిన అనుబియాస్ అనే మొక్కనూ దాదాపు చంపుకున్నాను. దాని కాండం పసుపు కొమ్ములా లావుగా ఉంటుంది; దానిని ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది, కనుక నల్లదారంతో రాయికి కట్టి వదిలేయాలి. జావా ఫెర్న్‌కూ ఇదే పద్ధతి. క్రిప్టోకోరైన్ మరో విధంగా భయపెట్టింది: కొత్త నీటిలో పెట్టిన వారానికే ఆకులన్నీ జావలా కరిగిపోయాయి. పీకి పారేద్దామనుకొని, బద్ధకించి వదిలేశాను. 3 వారాలకు వేరు దగ్గర గోరంత గోధుమరంగు ఆకు తలెత్తింది. ఇక మా బోరునీటిని కాచిన గిన్నెలకు తెల్లటి పెచ్చు కడుతుంది. అంత కఠినమైన నీటిలోనూ వాలిస్నేరియా పక్కలకు పాకి పిలకలు వేస్తూనే ఉంది.

మొక్కలు అమోనియాను, నైట్రేట్‌ను పోషకాలుగా పీల్చుకుంటాయి. గప్పీ పిల్లలు తల్లి నోటికి చిక్కకుండా వాటి మధ్య దాక్కుంటాయి. అంతమాత్రాన ఫిల్టర్ తీసేయకూడదు, వారానికోసారి కొంత నీరు మార్చడం మానకూడదు. రాత్రిపూట మొక్కలూ ప్రాణవాయువును వాడుకుంటాయి, వేడెక్కిన నీటిలో అది తక్కువగా కరుగుతుంది. అందుకే మే నెలలో కరెంటు పోయిన ఒక రాత్రి తరువాత, తెల్లవారుజామున చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరవడం చూసి బ్యాటరీతో నడిచే గాలిపంపు కొన్నాను.

దీపం రోజుకు 12 గంటలు వెలిగించినప్పుడు గాజంతా పాచి పట్టింది; టైమర్‌తో 7 గంటలకు తగ్గించాక అదుపులోకి వచ్చింది. మొక్కలతో వచ్చిన నత్తలు మాత్రం ఇంకా ఉన్నాయి, వాటితో నేను రాజీపడ్డాను. గోల్డ్‌ఫిష్ పెంచేవారికి ఈ సలహాలో సగమే పనికొస్తుంది: అవి లేత ఆకులను తినేస్తాయి, ఇసుకలో నాటినవాటిని పెకలిస్తాయి, కనుక వారు రాయికి కట్టిన అనుబియాస్‌తోనే ప్రారంభించాలి.