క్రీస్తు ఎవరి కోసం చనిపోయాడు: ఏర్పరచబడినవారి కోసమేనా, అందరి కోసమా?

క్రీస్తు చనిపోయింది ఏర్పరచబడినవారి (రక్షణ కోసం దేవుడు ముందే ఎన్నుకున్నవారి) కోసమేనా, అందరి కోసమా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, వచనాల లిస్టు కూడా జత చేసి. ఒకవైపు "గొఱ్ఱెల కొరకు నా ప్రాణము పెట్టుచున్నాను" (యోహాను 10:15), ఇంకోవైపు "సర్వలోకమునకును శాంతికరమై యున్నాడు" (1 యోహాను 2:2). ఇలా వచనాలు లెక్కపెడితే తేలదు. గొఱ్ఱెల కోసం అన్నంత మాత్రాన ఇంకెవరి కోసమూ కాదని అర్థం రాదు, "నా కొరకు" తన్ను అప్పగించుకున్నాడని పౌలు గలతీ 2:20లో అన్నాడు, అంటే పౌలు ఒక్కడి కోసమేనా? అలాగే లోకమంటే యూదులే కాదు అన్యజనులు కూడా అని పరిమిత ప్రాయశ్చిత్తం వాళ్లు (ఏర్పరచబడినవారి కోసమే చనిపోయాడనేవాళ్లు) చెప్పే జవాబూ కొట్టిపారేసేది కాదు.

సిలువ విలువ మీద అసలు గొడవే లేదు. పరిమిత పక్షం వైపు నిలిచిన 1618-19 డోర్ట్ సభ (నెదర్లాండ్స్‌లో జరిగిన సంస్కరణ సంఘాల సభ) కూడా క్రీస్తు మరణం సర్వలోక పాపాలకూ చాలినదనే రాసింది. గొడవంతా ఉద్దేశం గురించే, అంటే ఎవరిని రక్షించాలని ఆయన చనిపోయాడన్నదే.

పరిమిత పక్షానికి పెద్ద బలం 17వ శతాబ్దపు ఇంగ్లీషు ప్యూరిటన్ వేదాంతి జాన్ ఓవెన్ పెట్టిన వాదన. క్రీస్తు అందరి కోసం చనిపోయాడంటే, నమ్మని మనిషి పాపాలన్నిటికీ కూడా శిక్ష భరించేసినట్టే, అవిశ్వాసం కూడా పాపమే, మరి ఆ మనిషికి మళ్లీ శిక్ష ఎందుకు? ఇది నన్ను ఏళ్లపాటు కదలనివ్వలేదు. చివరికి నాకు దారి చూపింది ఎఫెసీ 2:3. విశ్వాసులు కూడా ఒకప్పుడు "దైవోగ్రతకు పాత్రులమై యుంటిమి" అంటాడు పౌలు. వాళ్లు ఏర్పరచబడినవాళ్లే, అయినా నమ్మేదాకా ఉగ్రత కిందే ఉన్నారు. సిలువ దగ్గరే అప్పు దానంతటదే రద్దయిపోయి ఉంటే ఈ మాట ఎలా కుదురుతుంది? ఆ విశ్వాసాన్ని కూడా సిలువే సంపాదించిపెట్టింది అంటాడు ఓవెన్, కానీ అలా అన్నా చెల్లింపుకీ విడుదలకీ మధ్య ఎడం ఉందని ఒప్పుకున్నట్టే కదా. పైగా నాశనానికి పోయే అబద్ధ బోధకుల గురించి 2 పేతురు 2:1 "తమ్మును కొనిన ప్రభువు" అంటుంది. దీనికి తృప్తినిచ్చే జవాబు పరిమిత పక్షంలో నాకు ఇంతవరకు దొరకలేదు.

17వ శతాబ్దపు ఫ్రెంచి వేదాంతి మోయిజ్ అమిరో చెప్పిన మధ్యేమార్గం (అందరి కోసం, కానీ నమ్మితేనే, నమ్మే కృప మాత్రం ఏర్పరచబడినవారికే) నాకు దగ్గరగానే ఉంటుంది. అలాగని అందరూ చివరికి రక్షణ పొందుతారనే బోధ మాత్రం, నిత్యశిక్ష గురించి చెప్పే మత్తయి 25:46 ముందు నిలవదు.

నాకు సార్వత్రిక ప్రాయశ్చిత్తమే, అంటే క్రీస్తు అందరి కోసం చనిపోయాడన్నదే, సరైనది. "క్రీస్తు మన పాపముల నిమిత్తము మృతిపొందెను" అన్నది కొరింథులో తాను మొదటే అప్పగించిన ఉపదేశమని 1 కొరింథీ 15:3లో పౌలు గుర్తుచేస్తాడు, అంటే వాళ్లింకా నమ్మకముందే. అందుకే ఇంకా నమ్మని మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు, నీ కోసం కూడా అని తడబడకుండా చెబుతాను.