అమ్మ ఇన్సులిన్ కోసం డిక్కీలో ఫ్రిజ్: ఐదు రోజులు వాడి చూశాక

మా అమ్మ పదకొండేళ్ళుగా ఇన్సులిన్ మీద ఉంది. రెండేళ్ళ కిందట రామేశ్వరం వెళ్ళినప్పుడు ఇన్సులిన్ పెన్నుల్ని థర్మోకోల్ డబ్బాలో ఐసు వేసి తీసుకెళ్ళాం. రెండో రోజుకే ఐసంతా నీళ్ళైపోయింది. దిగిన లాడ్జిలో రిసెప్షన్ వాళ్ళని బతిమాలి, వాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టమని ఇచ్చాను. పొద్దున వాళ్ళు తెచ్చిస్తే పెన్నులు గడ్డకట్టి ఉన్నాయి. ఫ్రీజర్‌లో పెట్టేశారు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్‌ను కరిగాక కూడా వాడకూడదు. ఆ సంగతి అప్పుడు నాకు తెలీదు, అమ్మకు అవే ఇచ్చాను. ఇంటికొచ్చి చూస్తే షుగర్ 340. ఆ అంకె ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

అందుకే ఈసారి అరుణాచలం, చిదంబరం, కుంభకోణం, శ్రీరంగం, మధుర అనుకున్నప్పుడు ముందు కొన్నది ఫ్రిజ్. 20 లీటర్లది, కంప్రెసర్ ఉన్నది, 18,500 రూపాయలు. తక్కువ ధరకు కార్ కూలర్ అని అమ్మేవాటి జోలికి వెళ్ళొద్దు. వాటిలో కంప్రెసర్ ఉండదు, బయటి వేడికన్నా ఓ పదిహేను, ఇరవై డిగ్రీలు తగ్గించడమే వాటి శక్తి. బయట 42 ఉంటే లోపల 22 దాకా దిగడమే గొప్ప. వాడని ఇన్సులిన్‌కు కావలసింది 2 నుంచి 8 డిగ్రీలు. మేం బయల్దేరింది రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండల్లో.

మాది ఎలక్ట్రిక్ కారు, బ్యాటరీ దాదాపు 50 యూనిట్లది. ప్రయాణంలో ఉన్నంతసేపు ఫ్రిజ్‌తో ఏ బాధా లేదు, సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెడితే హాయిగా నడుస్తుంది. కారు ఆపాకే అసలు కథ మొదలవుతుంది. బయల్దేరే ముందు వారం ఇంటి దగ్గరే రెండు పాల ప్యాకెట్లు పెట్టి చూశాను. రాత్రి పదికి అదే సాకెట్‌లో పెట్టి, కారు లాక్ చేసి పడుకున్నా. పొద్దున ఆరింటికి మూత తీస్తే లోపల 19 డిగ్రీలు, పాలు విరిగిపోయాయి. లాక్ చేసిన కాసేపటికి కారు ఆ సాకెట్‌కు కరెంటు ఆపేసింది. ఒకరకంగా అది మంచిదే. ఎలక్ట్రిక్ కార్లలో కూడా ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, తలుపు తెరుచుకోవాలన్నా కారు ఆన్ కావాలన్నా అదే ఆధారం. అది పూర్తిగా దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండా చార్జింగ్ ఉన్నా కారు కదలదు. కానీ ఆ రాత్రి లోపల పాలకు బదులు ఇన్సులిన్ ఉండి ఉంటే? మీరు కొన్నా సరే, ముందు పాల ప్యాకెట్లతోనే ఒక రాత్రి చూసుకోండి.

ఇక మిగిలిన దారి వీటూఎల్ (వెహికల్ టు లోడ్). కారు పెద్ద బ్యాటరీలోని కరెంటునే ఇంట్లో వచ్చే 230 వోల్టుల కరెంటుగా బయటికి ఇచ్చే సదుపాయం ఇది. అయానిక్ 5, క్రెటా ఎలక్ట్రిక్, 45 యూనిట్ల నెక్సాన్ ఈవీ లాంటి కార్లలో ఉంది. ఏ వేరియంట్‌లో ఇస్తున్నారో అడిగి తీసుకోవాలి. అయానిక్ 5లో ఇది 3.6 కిలోవాట్ల దాకా ఇస్తుంది, అంటే ఇస్త్రీ పెట్టె, మిక్సీ కలిపి పెట్టినా తట్టుకుంటుంది. మా ఫ్రిజ్ కంప్రెసర్ తిరిగేటప్పుడు తీసుకునేది 48 వాట్లు, ఆగినప్పుడు 2. పాత రోజుల్లో వరండాలో వేసుకునే 60 వాట్ల బల్బు కన్నా తక్కువ. మా కారులో అడాప్టర్‌ను చార్జింగ్ పెట్టే చోటే గుచ్చాలి. గుచ్చి బటన్ నొక్కితే లోపల టక్కుమని ఒక శబ్దం, తర్వాత పచ్చ లైటు. ఆ టక్కు వినపడితేనే నాకు ధైర్యం.

ఇంటి దగ్గరే రెండో రాత్రి ఇలా పెట్టి, మధ్యలో ఎంత కరెంటు వాడిందో చూపే ఒక ప్లగ్ మీటర్ కూడా తగిలించాను. పది గంటల్లో ఫ్రిజ్ తిన్నది 0.3 యూనిట్. కారు బ్యాటరీ మాత్రం 82 నుంచి 78కి దిగింది. నాలుగు శాతమంటే రెండు యూనిట్లు. మిగతా 1.7 యూనిట్లు ఏమయ్యాయి? కారే తినేసింది. వీటూఎల్ నడవాలంటే కారు నిద్రపోకూడదు, లోపలి కంప్యూటర్లు, కరెంటు మార్చే పెట్టె అన్నీ మేలుకొని ఉండాలి. పైగా బ్యాటరీలోని కరెంటు 230 వోల్టులుగా మారి, ఫ్రిజ్ దగ్గర దాని అడాప్టర్‌లో మళ్ళీ 12 వోల్టులు కావాలి. రెండు మార్పిళ్ళలోనూ కొంత వేడి రూపంలో పోతుంది. ఫ్రిజ్ కొనేటప్పుడు అందరూ అది ఎన్ని వాట్లని అడుగుతారు. దానికన్నా ముందు, ఆపి ఉంచిన కారు మేలుకొని ఉంటే గంటకు ఎంత తింటుందో చూసుకోవాలి. మాకైతే ఒక రాత్రికి చిత్తూరు నుంచి కాణిపాకం పోయేంత దూరం తగ్గింది. అమ్మ మందు కోసం అంత ఇవ్వడానికి నాకే బాధా లేదు. బ్యాటరీ 30 శాతానికి వచ్చాక కరెంటు ఇవ్వడం ఆపేయాలని కారులో పెట్టుకున్నాను, లేకపోతే ఆ టెన్షన్ వేరే.

మొదటి పరీక్ష అరుణాచలంలోనే. పౌర్ణమి, ఊరి బయట ఒక ఖాళీ స్థలంలో కారు పెట్టి, రాత్రి తొమ్మిదికి గిరిప్రదక్షిణ మొదలుపెట్టాం. 14 కిలోమీటర్లు, అమ్మ నడకకు ఎంతసేపు పడుతుందో తెలీదు. కారు లాక్ చేస్తే అడాప్టర్ కూడా లాక్ అవుతుంది, కానీ అందులో గుచ్చిన ప్లగ్గును ఎవరైనా లాగేయొచ్చు. అందుకే చార్జింగ్ మూత ఉన్న వైపు గోడకు బాగా దగ్గరగా పెట్టాను. వైరు వెనక కిటికీలోంచి లోపలికి వెళ్ళాలి, అద్దం వేలెడు దించక తప్పలేదు. ఈ ఏర్పాటులో నాకు నచ్చనిది ఇదొక్కటే. వాన వస్తే లోపలికి నీళ్ళు, వైరు అతుకు తడిస్తే ప్రమాదం. మబ్బు పట్టిన రోజు నేనిలా వదిలి వెళ్ళను. కారు లోపలే 230 వోల్టుల సాకెట్ ఉన్న బండైతే ఈ గొడవే లేదు.

యమలింగం దాటాక అమ్మ అడిగింది, "ఏమే, ఆ ఫ్రిజ్ ఆగిపోలేదు కదా?"

"లేదమ్మా, ఫోన్‌లో కనిపిస్తోంది, ఇంకా నడుస్తోంది" అన్నాను. నిజానికి ఫోన్‌లో కనిపించేది కారు బ్యాటరీ శాతమే, ఫ్రిజ్ సంగతి కాదు. శాతం నెమ్మదిగా దిగుతోందంటే కారు మేలుకొనే ఉందని అర్థం, నాకు తెలిసేది అంతే. ఈశాన్య లింగం దగ్గర కూర్చుని, లేచి, కారు దగ్గరికి వచ్చేసరికి నాలుగున్నర. మూత తీశాను. 5 డిగ్రీలు.

ఫ్రిజ్ మీద కనిపించే అంకెను గుడ్డిగా నమ్మొద్దు. ఈ ఫ్రిజ్‌లలో చల్లదనం గోడల్లోంచి వస్తుంది. ఒక చిన్న థర్మామీటర్ పెట్టి చూస్తే, పైన 4 అని ఉన్నప్పుడు మధ్యలో ఆరున్నర, అడుగున గోడకు ఆనుకొని 1. పెన్నులు గోడకు తగిలితే రామేశ్వరం కథే మళ్ళీ. అందుకే వాటిని చేతిరుమాల్లో చుట్టి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, చుట్టూ మజ్జిగ సీసాలు పేర్చి, డబ్బా మధ్యలో ఉండేట్టు చూశాను. అడుగున మడిచిన తువ్వాలు. ఐదు రోజులూ డబ్బా లోపల 5 కన్నా కిందికి, 8 కన్నా పైకి పోలేదు, ఒక్క పూట తప్ప.

ఆ పూట కుంభకోణంలో. మధ్యాహ్నం భోజనానికి ఎండలోనే కారు ఆపాల్సి వచ్చింది. డిక్కీలో పిన్ని చీరల సంచి జరిగి ఫ్రిజ్ పక్క జాలీకి అడ్డం పడింది. గాలి ఆడక కంప్రెసర్ ఆగకుండా తిరుగుతోంది, పక్కన చెయ్యి పెడితే కాలింది, లోపల 9 చూపిస్తోంది. సంచి తీసి, ఏసీ వేసి కూర్చుంటే అరగంటలో 6కి వచ్చింది. "నా చీరలకన్నా నీ పెట్టెకే మర్యాద ఎక్కువ" అంది పిన్ని. "అక్కడ ఏదీ పెట్టకు పిన్నీ" అని సంచిని ఆమె ఒళ్ళోనే పెట్టాను. జాలీ వైపు జానెడు ఖాళీ వదలాలి.

ఫ్రిజ్‌ను లాడ్జి గదిలోకే తీసుకెళ్ళొచ్చు కదా అనొచ్చు. పది కిలోల బరువు మోయడం ఒకటి, చాలా లాడ్జిల్లో తాళం కార్డు తీసి గుడికి పోతే గదిలో కరెంటు మొత్తం ఆగిపోవడం ఇంకొకటి. కారులోనే నయం. రోజు వాడే పెన్ను మాత్రం ఇంతకుముందులాగే అమ్మ చేతిసంచిలో ఉంటుంది.

మధురలో చివరి రోజు పొద్దున ఆ పెన్ను అయిపోయింది. డబ్బాలోంచి కొత్తది తీసిస్తే, చల్లగా ఉంటే సూది చురుక్కుమంటుందని అమ్మ దాన్ని కాసేపు రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చుంది. మిగిలిన మూడు ఇంటికొచ్చాక వాడింది. వారం తర్వాత పరగడుపున చూస్తే 132.