నల్లమల దారిలో ఏ సిమ్ పలుకుతుంది?

గుంటూరు బ్రాడీపేటలో ఉన్నంతసేపూ ఏ సిమ్ అయినా ఒకటే. తేడా తెలిసేది ఊళ్లు వెనకపడ్డాకే. పోయినేడు శ్రీశైలం వెళ్తుంటే దోర్నాల దాటాక ఘాట్‌లో మా కారు టైరు పంక్చరైంది. చూస్తే స్టెప్నీలోనూ గాలి లేదు. నా ఫోన్‌లో రెండు సిమ్‌లున్నా ఒక్క గీతా లేదు. మా వెనక ఆగిన లారీ క్లీనర్ బటన్ల ఫోన్‌లో మాత్రం రెండు గీతలు కనిపించాయి. "ఆ రాయి మీదకెక్కి మాట్లాడన్నా, కిందైతే కట్టయిపోద్ది" అన్నాడు. నాకు నోటికొచ్చిన నంబరు మా ఇంటావిడది ఒక్కటే. ఆవిడ గుంటూరు నుంచి సున్నిపెంటలోని మా బావకి చెబితే, గంటన్నరకి ఆయన వచ్చాడు. నావి ఏ కంపెనీ సిమ్‌లో చెప్పను. ఇంకో రెండు మలుపులు దాటితే కథ తిరగబడి ఉండేదేమో.

కొండల్లో జరిగేది ఇదే. టవర్‌కీ మనకీ మధ్య గుట్ట అడ్డొస్తే ఎంత పెద్ద కంపెనీ అయినా చేసేదేమీ లేదు. అదే అవనిగడ్డ దాటి హంసలదీవి వైపు వెళ్లండి, నేలంతా చదును. అక్కడ చూడాల్సింది తరంగం ఎంత దూరం పాకుతుందనేది. ఫోన్లు వాడే తరంగాల వరసల్ని బ్యాండ్లంటారు. 700, 850, 900 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ బ్యాండ్లు దూరం వెళ్తాయి, చెట్లనీ గోడల్నీ కాస్త బాగా దాటుతాయి. 1800, 2300 బ్యాండ్లు ఊళ్లో డేటాకి బాగుంటాయి గానీ, టవర్‌కి దూరమయ్యే కొద్దీ త్వరగా నీరసిస్తాయి.

ఇక కంపెనీల సంగతి. జియో 2016 సెప్టెంబరులో నేరుగా 4జీతోనే మొదలైంది. 850 బ్యాండ్ ఉంది కాబట్టి పల్లెల్లో దాని 4జీ దూరం దాకా అందుతుంది. 700 బ్యాండ్‌ని మాత్రం 5జీకి వాడుతోంది, కాబట్టి ఆ లాభం 5జీ ఫోన్ ఉన్నవాళ్లకే. జియోకి 2జీ లేదు. తాతయ్య దగ్గరున్న పాత బటన్ల ఫోన్‌లో ఆ సిమ్ వేస్తే పలకదు.

ఎయిర్‌టెల్ 2జీని ఇంకా నడుపుతోంది. డేటా చచ్చిపోయిన చోట కూడా మాట వరకు వెళ్లే అవకాశం అందువల్లే. కొండ దారిలో రీల్స్ చూడం కదా, "టైరు పేలింది, రండి" అనే ఒక్క కాల్ వెళ్తే చాలు. ఆ లెక్కన నా మొగ్గు ఇటే.

వొడాఫోన్, ఐడియా కలిసిన వీఐ ఇంటి దగ్గర బాగా వస్తుంటే ఉంచుకోండి. అడవి కోసమని కొత్తగా తీసుకోమని మాత్రం నేను చెప్పను.

బీఎస్ఎన్ఎల్‌ని నవ్వి వదిలేసే రోజులు పోయాయి. ఆలస్యమైనా, 2025 సెప్టెంబరు 27న స్వదేశీ 4జీని 97,500కు పైగా టవర్లతో అధికారికంగా మొదలుపెట్టింది. అది వాడేది 700, 2100 బ్యాండ్లు. సిమ్ కొనేముందు మీ ఫోన్‌లో 4జీ బ్యాండ్ 28 (ఈ 700కే ఆ పేరు) ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆ 700 ఉన్నా మీకు లేనట్టే. రెండో సిమ్‌గా బతికించుకోవడానికి ఖర్చు తక్కువ, అది ఇంకో సుఖం.

అసలు కిటుకు జోడీలో ఉంది. రెండు సిమ్‌లు ఉన్నాయి కదా అని ధీమాగా ఉంటాం గానీ, ఎయిర్‌టెల్, వీఐ రెండూ చాలాచోట్ల ఇండస్ అనే టవర్ల కంపెనీ వాళ్ల టవర్ల మీదే ఉంటాయి. కరెంటు పోయి బ్యాటరీలు దిగిపోతే ఒకే టవర్ మీదున్నవి ఒకేసారి మూగబోతాయి. జియోతో ఎయిర్‌టెల్, లేదా ఎయిర్‌టెల్‌తో బీఎస్ఎన్ఎల్ అయితే ఆ ముప్పు తగ్గుతుంది. దివిసీమ వాళ్లకి ఇది ఇంకా ముఖ్యం, తుపానొస్తే మొదట పోయేది కరెంటే.

ఉన్న నంబరు పోర్ట్ చేద్దామనుకుంటే, అంటే నంబరు అదే ఉంచి కంపెనీ మారదామనుకుంటే, తొందరపడకండి. ఒకసారి మారాక 90 రోజుల దాకా మళ్లీ మారలేరు. ముందు కొత్త ప్రీపెయిడ్ సిమ్ ఒకటి తీసుకుని ఒక ట్రిప్ తిరిగి రండి. టెలికాం కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ చెప్పాక కంపెనీలు కవరేజీ మ్యాపులు పెట్టాయి, అవీ చూడొచ్చు. కాకపోతే మ్యాప్‌లో రంగు ఉందని ఘాట్ మలుపులో గీతలుంటాయని కాదు.

మీ సిమ్‌కి సిగ్నల్ లేకున్నా, చుట్టుపక్కల ఏ కంపెనీ టవర్ అందినా అత్యవసర నంబరు 112కి కాల్ వెళ్తుంది. ఇంకోటి, అమెరికా నుంచి వచ్చిన బావమరిది శాటిలైట్ మెసేజ్‌ల పరికరం తెచ్చిస్తే మురిసిపోయి అడవికి పట్టుకెళ్లకండి. మన దేశంలో అనుమతి లేకుండా దాన్ని వాడటం నేరం.

నేనిప్పుడు మెయిన్‌గా ఎయిర్‌టెల్, రెండోదిగా బీఎస్ఎన్ఎల్ పెట్టుకున్నాను. మా ఇంటావిడ ఫోన్‌లో జియో ఉంది, ఇద్దరం కలిసి వెళ్తే మూడు టవర్లకి వల వేసినట్టే. అయినా ఈమధ్య ఎత్తిపోతల వెళ్లినప్పుడు టీ కొట్టు దగ్గర డబ్బులు కడదామని మూడు సిమ్‌ల మీదా స్కాన్ చేశాం, ఆ గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంది. కొట్టామె నవ్వి, "ఆ వేపచెట్టు కిందకి పోయి కొట్టు సామీ, అక్కడైతే పోద్ది" అంది. మా ఆవిడ పర్సులోంచి యాభై నోటు తీసిచ్చింది.