రంగుల చార్టా, రంగుల దీపమా?

గర్భిణి, బాలింత ప్రాణాపాయాన్ని ముందే పసిగట్టే సాధనాలు రెండింటిని పోల్చుదాం.

బ్రిటన్‌లో తల్లుల మరణాలపై వచ్చిన 2007 నివేదిక సిఫారసు చేసిన మియోస్ అనే హెచ్చరిక చార్టులో నాడి, రక్తపోటు, శ్వాస, జ్వరం నర్సు రాస్తుంది. ఒక్క అంకె ఎరుపులో పడినా, రెండు పసుపులో పడినా డాక్టరును పిలవాలి. 676 మందిపై 2012లో వెలువడిన అధ్యయనంలో, జబ్బుపడినవారిలో 89 శాతం మందిని ఇది పట్టుకుంది. అయితే హెచ్చరిక వచ్చినవారిలో నిజంగా జబ్బుపడినవారు 39 శాతమే. అలసిన నర్సుకు ఇది చిన్న భారం కాదు.

క్రేడిల్ అనే చిన్న యంత్రం రక్తపోటు, నాడి కొలిచి, ప్రమాదాన్ని బట్టి ఆకుపచ్చ, పసుపు లేదా ఎరుపు దీపం వెలిగిస్తుంది. అది నాడిని రక్తపోటు పై అంకెతో భాగించి చూస్తుంది: నాడి 120, పై అంకె 100 అయితే భాగఫలం 1.2, అంటే పసుపు. జ్వరం దానికి తెలియదు. ఆఫ్రికా, భారత్, హైతీలలో జరిపిన పరీక్షలోనూ మరణాలు, తీవ్ర అనారోగ్యం తగ్గించినట్టు కచ్చితంగా తేలలేదు. అయినా డాక్టరు లేని పల్లెకు నేను యంత్రాన్నే కోరుకుంటాను.