మా రీఫర్ బండికున్న కరెంటు ప్లగ్గు: నాలుగేళ్ల తర్వాత

భీమవరం నుంచి కలకత్తాకు ఫ్రోజెన్ రొయ్య తోలే మా రీఫర్ బండికి, అంటే సరుకును గడ్డకట్టిన చలిలో ఉంచే లారీకి, నాలుగేళ్లు నిండాయి. సొంత ఇంజిన్‌తో నడిచి సరుకును చల్లగా ఉంచే యూనిట్ డీజిల్ ఎంత తాగుతుందో ఈ లైన్లో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నాకు ప్రాణంతో సమానమైంది దాని త్రీఫేజ్ ప్లగ్గు. బండి ఆగినప్పుడు ఇంజిన్ బదులు కరెంటు మీద కంప్రెసర్ (చలి పుట్టించే భాగం) నడిపే స్టాండ్‌బై మోటారుకు కరెంటు అందేది దాన్నుంచే. దానికి వేరే డబ్బెందుకని మా బావ వద్దన్నాడు. నేనే పట్టుబట్టి పెట్టించాను.

మొన్న మేలో టెక్కలి దాటాక యూనిట్ ఇంజిన్ ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. మధ్యాహ్నం రెండు గంటలు, నిప్పులాంటి ఎండ. డిస్‌ప్లేలో మైనస్ 18 కాస్తా మైనస్ 15 అయింది, కాసేపటికి 13. తలుపు తీసి చూద్దామన్నా అని క్లీనర్ అంటే చెయ్యి పట్టుకుని ఆపాను. తీస్తే లోపలి చలంతా బయటికి జారిపోతుంది. ఈ యూనిట్లు గడ్డకట్టిన సరుకును అలాగే నిలబెడతాయి తప్ప కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించలేవు.

బండి వెనక్కి తిప్పి భావనపాడు దారి పట్టాను. అక్కడ వేట పడవలకు ఐసు ఇచ్చే ఫ్యాక్టరీ తెలుసు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, పనిలేక ఖాళీగా ఉంది. అడగ్గానే లైన్ ఇచ్చారు, వాళ్ల మేలు మరవను. ప్లగ్గు పెడితే ఫ్యాన్లు తిరిగాయి గానీ చలి పుట్టలేదు. మూడు ఫేజుల వరస తారుమారై మోటారు ఎదురు తిరుగుతోంది. వాళ్ల ఎలక్ట్రీషియన్ రెండు వైర్లు అటూ ఇటూ మార్చాక మోటారు సరిగ్గా తిరిగింది. రాత్రి మెకానిక్ వచ్చి ఫ్యూయల్ పంపు మార్చేసరికి మళ్లీ మైనస్ 18లో ఉంది. కలకత్తాలో పెట్టెల్లో చలి కొలిచే ప్రోబ్ గుచ్చి చూసుకునే దింపుకున్నారు. ఒక్క పెట్టె కూడా వెనక్కి రాలేదు.

దాబాల దగ్గర ప్లగ్గు పెట్టుకుంటే డీజిల్ మిగులుతుందని మొదట్లో అందరికీ చెప్పాను. నేను ఆగే దాబాల్లో చాలావాటికి సింగిల్ ఫేజే ఉంది. త్రీఫేజ్ ఉన్నచోట కూడా ఓల్టేజ్ పడిపోయి మోటారు ట్రిప్పవుతోంది. నిజంగా డీజిల్ మిగిలింది ప్లాంటు యార్డులో లోడింగ్‌కి ఆగినప్పుడే.

మాది సముద్రం పక్కన సాగే దారి, ఐసు ఫ్యాక్టరీలు తగులుతూనే ఉంటాయి. నాగపూర్ మీదుగా ఢిల్లీ తోలేవాళ్లకు ఇంత ఉపయోగం ఉంటుందో లేదో వాళ్లే చూసుకోవాలి. మేము మాత్రం రెండో బండికీ ఇదే పెట్టించాం, ఈసారి పాతిక మీటర్ల కేబుల్‌తో. డబ్బు కట్టి వచ్చింది మా బావే.